రెండు వరుసల మధ్య ఒక రాయి

ఈ పనికి రిటైర్మెంటు కాగితం ఎవరూ ఇవ్వరు. నాకు మోకాళ్ళు ఇచ్చాయి. ఉలి పట్టుకుని నేల మీద కూర్చుంటే, మళ్ళీ లేవడానికి ఇంకొకరు చెయ్యి అందించాల్సి వచ్చిన రోజున ఇంక చాలనుకున్నాను. మార్కాపురంలో నా షెడ్డు ఇప్పుడు మా మేనల్లుడి టైల్సు గోడౌను. అవీ ఒక రకం రాళ్ళే కదా అని సర్దిచెప్పుకుంటున్నాను.

ఆర్ట్స్ కాలేజీల్లో చదివే పిల్లలు అప్పుడప్పుడూ వెతుక్కుంటూ వస్తారు. శిల్పాన్నీ సంగీతాన్నీ కలిపి నేను చేసిన పని గురించి ఎక్కడో విని ఉంటారు. కూర్చోగానే ‘మీ కాన్సెప్ట్ ఏంటి సార్?’ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా పిల్లలు కదా, టీ తాగించి, తోచింది చెప్పి పంపిస్తాను. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఈసారి రాసి పెడుతున్నాను. సన్మానాలూ శాలువాలూ ఇందులో ఉండవు. శాలువాలు చలికాలం పనికొస్తాయి, అంతవరకే.

చెవి

నాకు పని నేర్పిన మేస్త్రి ఆళ్ళగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కేవాడు. నోరు చెడ్డది, చెయ్యి బంగారం. నేను చేరిన కొత్తలో చాలా కాలం ఉలి ముట్టనివ్వలేదు. ఒక చిన్న సుత్తి ఇచ్చి రాళ్ళ గుట్ట పక్కన కూర్చోబెట్టాడు.

‘‘కొట్టు. కొట్టి విను. గంట మాదిరి మోగితే మగ రాయి, తాళం మాదిరి మోగితే ఆడ రాయి. మోగకుంటే మెట్లకు పంపీ’’ అన్నాడు.

రాయి లోపల పగులు ఉంటే పైకి కనపడదు, మోతలో తెలుస్తుంది. అందం చూసి రాయి ఎంచుకున్నవాడు ముక్కు చెక్కే వేళకు తల పట్టుకుంటాడు. మా నాయన భజన మందిరంలో హార్మోనియం వాయించేవాడు కాబట్టి నాకు చెవి కొంచెం ముందే ఉంది. దానితో ఒక చిక్కు వచ్చింది. విగ్రహం కన్నా ఆ మోత మీదే నా మనసు పడింది. పని మానేసి రాళ్ళు వాయిస్తూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు మేస్త్రి చూసి, ‘‘నువ్వు శిల్పివి గావురా, గంటలోడివి’’ అన్నాడు. తిట్టాడో దీవించాడో ఈ రోజుకీ తేల్చుకోలేదు.

మార్కాపురం తిరిగొచ్చాక మా ఊరి పలక రాయి వెంట పడ్డాను. బడి పిల్లల పలకలు కోసే రాయే అది. మందంగా ఉన్న ముక్కకి రెండు చివర్ల నుంచి ఇంచుమించు పావు వంతు లోపలికి తాడు వేసి వేలాడదీసి, కొయ్య సుత్తితో కొట్టి చూడండి. చల్లటి గొంతుతో మోగుతుంది. అరగదీస్తే స్వరం మారుతుంది. ఆ ముక్కలతో నిలువెత్తు బొమ్మలు కట్టాను. చూసేవాళ్ళు వాటిని వాయించవచ్చు. చూడ్డానికి వచ్చినవాడు చేతులు కట్టుకుని నిలబడి వెళ్ళిపోతే నాకు తృప్తి ఉండేది కాదు.

తిండి పెట్టిన పని

మోగే బొమ్మలు పేరు తెచ్చాయి. తిండి పెట్టింది మాత్రం నాయకుల విగ్రహాలు. సిగ్గుపడి దాచేవాళ్ళని చూశాను. దాచకండి. బంగారు రంగు పూసిన సిమెంటు నాయకుడు మా పిల్లల్ని చదివించాడు.

యర్రగొండపాలెం వైపు ఒక ఊరివాళ్ళు, చెయ్యి చాచి వేలు చూపించే విగ్రహం అడిగారు. వేలు ఊరి బడి వైపు ఉండాలన్నారు. అట్లాగే చేశాను. తర్వాత రోడ్డు వెడల్పు చేసేటప్పుడు దిమ్మెతో సహా ఆయన్ని ఎత్తి అవతలి పక్క పెట్టారు. ఇప్పుడు ఆ వేలు నేరుగా వైన్ షాపును చూపిస్తోంది. సర్పంచు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

‘‘అన్నా, వేలు కొంచెం ఇటు తిప్పన్నా, మానం పోతా ఉండాది.’’

‘‘వేలొక్కటే తిరగదయ్యా, మనిషిని మొత్తం తిప్పాల’’ అన్నాను.

మనిషిని తిప్పాలంటే క్రేను కావాలి, క్రేనుకి తీర్మానం కావాలి. తీర్మానం ఇప్పటికీ కాలేదు. ఊరు కదులుతూనే ఉంటుంది, మనం పాతింది కదలదు. పాతే ముందు పదిమందినీ అడగాలి. ఇంత తెలిసీ అదే తప్పు ఇంకోచోట చేశాను. ఇక చెప్పబోయేది దాని గురించే.

కాలనీ

రాష్ట్రం విడిపోయిన తర్వాత తొలి ఏళ్ళు అవి. ఆఫీసు బోర్డుల మీద పేరు పాతదే, మ్యాపు మాత్రం చిన్నదైంది. టీ బంకు దగ్గర ఎవరు నోరు తెరిచినా ‘మనకు రావాల్సింది’, ‘వాళ్ళు పట్టుకుపోయింది’ అనేదే మాట. ‘మనం’ అంటే ఎవరెవరో ప్రతివాడూ కొత్తగా లెక్క వేసుకుంటున్నాడు.

ఆ రోజుల్లోనే నల్లమల అంచున రెండు పల్లెల్ని ఒక రిజర్వాయరు కోసం ఖాళీ చేయించి, మా వైపు మెట్ట నేలలో రెంటికీ కలిపి ఒక కాలనీ కట్టారు. ఒక పల్లెలో గొర్రెలూ మేకలూ కాసుకునే కుటుంబాలు, కొద్దిమంది రైతులు. రెండో పల్లెలో క్రైస్తవ కుటుంబాలు, ఎక్కువగా కూలి పని మీద బతికేవాళ్ళు. పాత చోట రెండు పల్లెల మధ్య ఒక వాగు ఉండేది. కొత్త చోట వాగు బదులు సిమెంటు రోడ్డు వచ్చింది. రోడ్డుకి అటు కాపరుల వీధి, ఇటు చర్చి వీధి.

కాలనీ పనులు చూసే డిప్యూటీ కలెక్టరు నన్ను పిలిపించింది. కోస్తా నుంచి వచ్చిన ఆమె, వయసులో నాకన్నా చాలా చిన్న.

‘‘ఇళ్ళు కట్టాం, ట్యాంకు కట్టాం. ఊరు మాత్రం కట్టలేకపోయామండీ. నీళ్ళ దగ్గర కూడా రెండు క్యూలు. కూడలిలో ఏదైనా పెడదామంటే, ఎవరి విగ్రహం పెట్టినా ఒక వైపు వాళ్ళదే అవుతుంది. మీరేవో మోగే శిల్పాలు చేస్తారట కదా?’’

నేను చూసిన పై అధికారుల్లో ఈమె మేలైన రకం. ఏం కావాలో తెలియదని ఒప్పుకుంది, ఏం వద్దో స్పష్టంగా చెప్పింది. ఏం కావాలో ముందే తెలిసినవాళ్ళకి మీరు అక్కర్లేదు, కాంట్రాక్టరు చాలు.

నాకు వచ్చిన ఆలోచన చాలా సులువు. పాత ఊరి నుంచి తెచ్చుకున్న సామానులో ప్రతి ఇల్లూ మోగే వస్తువు ఒకటి ఇవ్వాలి. వాటన్నిటినీ కూడలిలో వేలాడదీస్తాను. ఎవరి వస్తువుని వాళ్ళు వచ్చి వాయిస్తారు, కాలక్రమంలో పక్కింటి వాళ్ళదీ వాయిస్తారు. ఆమెకి నచ్చింది.

ఎట్లా వేలాడదీయాలన్నది కూడా ఆ ఊళ్ళే నేర్పాయి. రెండు పల్లెల్లోనూ చెక్క భజన ఉంది. చేతుల్లో వాయించే చెక్కలు అవే, వేసే అడుగులు అవే. అటు రాముడి పాట, ఇటు యేసు పాట. రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడతాయి. ఒక వరుస పాట ఎత్తుకుంటే రెండో వరుస అందుకుంటుంది. ఆహా, ఇదే కదా కావలసింది అని మురిసిపోయాను. రోడ్డుకి ఈ పక్క ఒక ఇనప పైపుల చట్రం, ఆ పక్క ఇంకొకటి. కాపరుల వీధి మోతలు ఒక వరుస, చర్చి వీధి మోతలు ఒక వరుస. వాళ్ళు ఎత్తుకుంటే వీళ్ళు అందుకుంటారు. పైపులు పాతించి, కాంక్రీటు పోయించేశాను.

పిల్లలూ, ఇక్కడే ఆగి చూడండి. చెక్క భజనలో పాట నడుస్తుండగానే మనుషులు వరుస మారతారు. ఎదుటివాడి జాగాలోకి ఇతను, ఇతని జాగాలోకి అతను. పాట అయ్యేసరికి ఎవరు ఏ వరుసలో మొదలయ్యారో చూసేవాడికి గుర్తుండదు. దాని అందమే అది. నేను నిలబడ్డ తీరు చూశాను గానీ, మారే తీరు వదిలేశాను. ఉన్న చీలికనే కాంక్రీటులో పాతి, దానికి అందమైన పేరు పెట్టాను.

మోతలు

వస్తువులు పోగేయడం మాత్రం నా పనిలోకెల్లా సంతోషమైన రోజులు. ఇంటింటికీ తిరిగాను. రోకలి చివరి ఇనప పొన్ను ఇచ్చారు, అరిగిన నాగటి కర్రు ఇచ్చారు, బండి చక్రం పట్టా ముక్క ఇచ్చారు, కంచు పళ్ళెం ఇచ్చారు. చర్చి వాళ్ళు తమ పాత గంట ఇచ్చారు. గంట అంటే గంట కాదు, మీటరుగేజీ పట్టాలు పీకినప్పుడు ఎవరో భుజాన వేసుకొచ్చిన రైలు పట్టా ముక్క. కొడితే మైలు దూరం వినపడుతుంది.

కాపరుల వీధిలో నారాయణమ్మ అనే పెద్దావిడ పోతుమేక మెడ గంట ఇచ్చింది. భర్త పోయాక ఆ ఇంటికీ, ఇంచుమించు ఆ వీధికీ ఆమే పెద్ద.

‘‘అడివిలో నాలుగు మందలు కలిసిపోయినా ఈ గంట ఇని మా మేకలు మాకాడికే వస్తాయి. భద్రంగా కట్టు మేస్త్రీ. పోయిందంటే నీ షెడ్డుకొచ్చి కూచుంటా’’ అంది.

మేకలకి ఆ గంట లేకుండా ఎట్లా అని అడిగితే, ‘‘ఇప్పుడు అడివి యాడుండాది?’’ అని లోపలికి వెళ్ళిపోయింది.

రూతమ్మ

ఒక మధ్యాహ్నం చట్రానికి రంగు వేయిస్తుంటే నాలుగు మేకల్ని తోలుకుంటూ ఒకామె వచ్చింది. అరవై దాటి ఉంటుంది. తువ్వాల విప్పి ఒక పలక రాయి బయటికి తీసింది. అంచులు చక్కగా కోసిన రాయి.

‘‘మా ఆయన కోసింది నాయనా. పలకల పనిలో ఉండేటోడు. మేకల దొడ్డికాడ ఏలాడదీసి, పొద్దుగూకితే దీన్ని కొట్టి మేకల్ని పిలిచేదాన్ని.’’

చేతి వేళ్ళతో తట్టి చూశాను. సన్నగా, నిలకడగా మోగింది. నేను ఏరుకున్న రాళ్ళలో అంత శుభ్రమైన గొంతు లేదు.

‘‘మంచి రాయక్కా. ఏ వరుసలో కట్టాల?’’

‘‘అది నువ్వే చెప్పాల’’ అంది.

ఆమె కథ నాకు తర్వాత కూలివాళ్ళు చెప్పారు. పుట్టింది కాపరుల ఇంట్లో. అప్పటి పేరు రంగమ్మ. వయసులో ఉండగా వాగు దాటి, అవతలి పల్లె కుర్రవాణ్ణి పెళ్ళి చేసుకుంది. రూతమ్మ అయింది. పుట్టింటివాళ్ళు ఆమె చచ్చిపోయిందనుకుని తలకి నీళ్ళు పోసుకున్నారు. ఆ ఇల్లు నారాయణమ్మదే. నారాయణమ్మ భర్తకి ఈమె సొంత చెల్లెలు. భర్త రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై పోయాక, ఒక్క కూతురూ పెళ్ళై కంభం వెళ్ళాక, ఈమె మేకలు పెట్టుకుని కాపరులతో పాటు కొండకి పోవడం మొదలుపెట్టింది. ప్రార్థనకి వెళ్ళడం తగ్గింది. దానితో చర్చి వీధివాళ్ళకీ దూరమైంది. కాలనీలో ఆమెకి వచ్చిన ఇల్లు రోడ్డు మొదట్లో, ఏ వీధికీ చెందకుండా ఉంది. రెంటికీ చెడ్డ రేవడి అన్నారు, రెండు వీధులవాళ్ళూ నవ్వుతూనే.

నేను చర్చి పెద్ద దానియేలు దగ్గరికి వెళ్ళాను. రూతమ్మ భర్తకి వరుసకి తమ్ముడు. నెమ్మదస్తుడు, తాపీ పని చేస్తాడు.

‘‘ఆమె మంచి మనిషే అన్నా. కాదనను. కానీ ఇప్పుడు ఆమె అటు మనిషి గదా. మేకలతోనే ఉంటాది. అటు కట్టు.’’

రోడ్డు దాటి నారాయణమ్మ దగ్గరికి వెళ్ళాను. బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు.

‘‘మా ఇంట్లో ఆ పేరుతో ఎవురూ లేరు మేస్త్రీ. ఆమె చర్చోళ్ళ మనిషి. ఆడ కట్టు. అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకు?’’

ఎవరూ తిట్టలేదు, ఎవరూ అరవలేదు. ఇద్దరూ ఎంతో మర్యాదగా ఆమెని అవతలి వాళ్ళకి వదిలేశారు. కోపం ఉంటే దారి దొరుకుతుంది, మర్యాదకి తలుపే ఉండదు.

సాయంత్రం రూతమ్మ మళ్ళీ వచ్చింది. ఒక్క రాయి కోసం నువ్వింత తిరగాలా అక్కా, రాయి నాకియ్యి, నా సొంత బొమ్మలో పెట్టుకుంటా, పది ఊళ్ళవాళ్ళు చూస్తారు అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను.

‘‘రాయి గురించి గాదు నాయనా’’ అంది. ‘‘నాకు మొన్న జరమొచ్చి మూడు దినాలు లేవలా. తలుపు తట్టినోళ్ళు లేరు. వీళ్ళు వాళ్ళొచ్చింటారనుకున్యారు, వాళ్ళు వీళ్ళొచ్చింటారనుకున్యారు. రేప్పొద్దున నేను పోతే ఎవురు మోస్తారు? మున్సిపాల్టీ బండా? ఏదో ఒక వరసలో నా రాయి ఉంటే, వీళ్ళు మోయాల అని నలుగురికీ తెలుస్తాది గదా.’’

 కూడలికి అందం తెద్దామని నేను వచ్చాను. ఆమె తన పాడె మోసేవాళ్ళని వెతుక్కుంటూ వచ్చింది.

గౌరవ స్థానం

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తర్వాత ఉపాయం తట్టింది. రెండు వరుసల మధ్య, రోడ్డు సరిగ్గా నడిమధ్యన, నల్ల గ్రానైటు దిమ్మె పెట్టి దాని మీద రూతమ్మ రాయి ఒక్కటే వేలాడదీస్తే? అందరికన్నా ఎత్తున. రెండు వరుసలకీ శ్రుతి ఇచ్చే రాయి. పాట మొదలెట్టే ముందు ఆ రాయినే కొట్టాలి. రెండు వీధులనీ కలిపే మనిషి ఆమే కదా!

నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఆఫీసరమ్మ ఫోనులో ‘‘బ్యూటిఫుల్ అండీ’’ అంది. దానియేలు సరేనన్నాడు. నారాయణమ్మ ‘‘మీ ఇష్టం’’ అంది. వాళ్ళంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. ఆ ఏర్పాటు వల్ల ఎవరూ అంగుళం కదలాల్సిన పని లేదు. దిమ్మె చెక్కి, పాలిష్ పట్టి, లారీలో దింపించాను.

మీలో తెలివైనవాళ్ళకి ఇది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. ఆలోచన ఎంత అందంగా ఉంటుందంటే, ఎవరికోసం చేస్తున్నారో వాళ్ళని అడగడం మర్చిపోతారు.

ప్రారంభానికి ముందు రోజు

ఆ రోజు రెండు వీధులవాళ్ళూ వచ్చారు. ఎవరి వస్తువు ఎక్కడ వేలాడుతోందో చూసుకోవాలని తొందర. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పనికి పోని మగవాళ్ళు. కర్రుని ఒకరు తట్టారు, పొన్నుని ఒకరు తట్టారు. ఊరంతా మోగుతోంది. రూతమ్మ కూడా వచ్చింది. మేకల్ని ఎవరికో అప్పజెప్పి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

నేను దిమ్మె మీద గుడ్డ తీసి, ‘‘ఇదిగో అక్కా, నీ జాగా. అందరికన్నా మొదట నీ రాయే మోగుతుంది’’ అన్నాను.

ఆమె దిమ్మె చుట్టూ ఒకసారి తిరిగింది. ఈ వరుస చూసింది, ఆ వరుస చూసింది.

‘‘ఈడ వద్దు నాయనా.’’

‘‘ఎందుకక్కా? ఇది అన్నిటికన్నా పెద్ద జాగా.’’

‘‘పెద్దదే. నడిమధ్యలో నిలబడి నిలబడి నలభై ఏండ్లాయె. కాళ్ళు నొప్పి పుడ్తాండాయి. నన్ను అందరూ చూసే కాడ వద్దు. నలుగుర్లో ఒకదాన్ని చెయ్యి. ఏ వరసైనా సరే, ఏ మూలైనా సరే. లేకుంటే రాయి నాకిచ్చేయ్, పోతా.’’

ఆమె గట్టిగా అనలేదు. అయినా తట్టడాలన్నీ ఆగిపోయాయి, అందరూ విన్నారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంత ఖర్చు పెట్టి పాలిష్ చేసిన దిమ్మె ఎండలో మెరుస్తోంది. నేను ఆమెని గౌరవించాననుకున్నాను. ఆమె చుట్టూ ఇంకో వాగు తవ్వాను.

కాసేపటికి దానియేలు ముందుకొచ్చాడు. నేల చూస్తూ, ‘‘అట్లయితే మా దాంట్లో చివర్న కట్టన్నా. చివర్న జాగా ఉండాది’’ అన్నాడు. అతనికి అది చిన్న మాట కాదని నాకు తెలుసు. అతని వెనకవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు కాపరుల వరుస నుంచి నారాయణమ్మ గొంతు వినిపించింది.

‘‘చివర్న గాలి ఎక్కువ. పలక రాయి అది. పైపుకు కొట్టుకోని పగుల్తాది.’’

 ఆమె తన మేక గంట దగ్గరికి నడిచి, దాని తాడు పట్టుకుని ఇటు జరిపింది. రాలేదు. ముడి బిగిసిపోయింది.

‘‘ఏందట్ల చూస్తావు మేస్త్రీ, ఈ ముడి ఇప్పు. నా దానికీ ఆ కర్రుకూ నడుమ ఇంత జాగా ఎందుకు పెట్టినావు? ఈడ పడ్తాది.’’

 నలభై ఏళ్ళుగా ముడులు వేసేవాణ్ణి, ఆ ఒక్క ముడి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. గంట జరిపాను, కర్రు జరిపాను, ఆ పక్కనున్న పళ్ళెం కూడా జరపాల్సి వచ్చింది. పళ్ళెం ఇంటివాళ్ళు గొణిగారు గానీ అడ్డం చెప్పలేదు. రూతమ్మ రాయి అక్కడ కట్టాను.

కట్టీ కట్టగానే గాలి వచ్చింది. గంట వెళ్ళి రాయికి తగిలింది.

‘‘చూడు, నీ రాయి నా గంటకు తగుల్తా ఉండాది’’ అంది నారాయణమ్మ. ఆమె రూతమ్మ వైపు తిరిగి అన్న మొదటి మాట అది.

‘‘ఊగేది నీ గంట. నా రాయి యాడుందో ఆడనే ఉండాది’’ అంది రూతమ్మ.

‘‘అదే నోరు. ముసిల్దానివైనా పోలా.’’

‘‘నీకు మాత్రం పోయిందా?’’

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. రూతమ్మ నవ్వబోయి, చెంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. దానియేలు దూరం నుంచే, ‘‘వరసలో మీతో ఉండనీ అత్తా. ఆదివారం మాత్రం మాకాడికి రావాల’’ అన్నాడు. ‘‘నాకెందుకు చెప్తావు, ఆమెకు చెప్పు’’ అంది నారాయణమ్మ.

నాకు ఏడుపొచ్చింది. పనిలో నేను ఏడ్చింది అదొక్కసారే. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

గ్రానైటు దిమ్మెని రోడ్డు పక్కకి దొర్లించాం. ఇప్పుడు దాని మీద ముసలివాళ్ళు కూర్చుంటున్నారు. నేను చేసిన వాటిలో అంత పనికొచ్చిన శిల్పం ఇంకొకటి లేదని మా ఇంట్లోవాళ్ళు ఎగతాళి చేస్తారు.

ఈ పనితో ఆ కాలనీ ఒక ఊరైపోయిందని మీతో చెప్పను. నీళ్ళ దగ్గర రెండు క్యూలు తర్వాత కూడా ఉన్నాయి. మన పని అంతటి పని చెయ్యదు, చేస్తుందని చెప్పేవాణ్ణి నమ్మకండి. మన పని వల్ల ఎక్కడో ఒకచోట ఒక ముడి విప్పాల్సి వస్తుంది. అప్పుడు చేతులు ఖాళీగా పెట్టుకుని, నోరు మూసుకుని దగ్గర్లో ఉండడం నేర్చుకోండి.

మర్నాడు ప్రారంభోత్సవానికి ఆఫీసరమ్మ వచ్చింది. నడి రోడ్డు మీద దిమ్మె లేకపోవడం చూసి నా వైపు చూసింది. తర్వాత చెబుతానన్నట్టు చెయ్యి ఊపాను. ఆమె ఒక కొయ్య సుత్తి తీసుకుని కాపరుల వరుస వెంట ఒక్కొక్కటే వాయిస్తూ నడిచింది. పళ్ళెం మోగింది, కర్రు మోగింది. పలక రాయి మోగగానే ఆగిపోయింది. ఇంకోసారి కొట్టింది.

‘‘ఎంత బాగుందో! ఇది ఎవరిదండీ?’’ అంది, ఎవరినీ ప్రత్యేకంగా అడగకుండా.

నేను నోరు తెరవబోయాను. రూతమ్మ వెనక వరుసలో, జనం మధ్యన ఉంది. ఆమె కూడా విన్నది. నారాయణమ్మ ముందుకొచ్చి ఆఫీసరమ్మ చేతిలోంచి సుత్తి తీసుకుంది.

‘‘మా ఆడబిడ్డది మేడం’’ అంది. ‘‘మెల్లగా కొట్టాల. పగుల్తాది.’’